పెన్సిలంత పిన్ను, పాతికడుగుల కొయ్య

2018 నవంబరు 5. దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్‌కు పడమరగా దాదాపు 1,900 మైళ్ల అవతల, పసిఫిక్ మహాసముద్రంలో ఒక తెరచాప పడవను పెద్ద అల కొట్టి పడేసింది. పడవ దాదాపు తలకిందులై, మళ్లీ లేచింది. లోపల ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఫ్రాన్సుకు చెందిన జాఁ-లూక్ వాన్ డెన్ హీడ్. వయసు 73. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టి రావాల్సిన గోల్డెన్ గ్లోబ్ రేసులో అప్పటికి అందరికంటే ముందున్నది ఆయనే.

పైకొచ్చి చూసుకుంటే తెరచాప కొయ్య నిలబడే ఉంది. కానీ దాన్ని పక్కల నుంచి పట్టి ఉంచే తీగలు వేలాడుతున్నాయి. తీగలు తెగలేదు. వాటిని కొయ్యకు బిగించిన బోల్టు తన చోటు వదిలి, కొయ్యగా ఉన్న అల్యూమినియం గొట్టాన్ని సుమారు ఐదు సెంటీమీటర్లు చీల్చుకుంటూ కిందికి జారింది. ముందు చిలీ తీరానికి వెళ్లి మరమ్మతు చేయించుకుందామనుకున్నారు. అలా ఆగితే ఆ రేసు ప్రధాన పోటీ నుంచి తప్పుకున్నట్టే. దాంతో ఆలోచన మార్చుకుని, ఊగిపోతున్న కొయ్య మీదికి పలుమార్లు ఎక్కి, దెబ్బతిన్న చోటును తాళ్లతో కట్టుదిట్టం చేసుకుని ముందుకే సాగారు. 2019 జనవరి 29న ఫ్రాన్సులోని లే సాబ్ల్ దొలోన్ రేవు చేరి రేసు గెలిచారు.

అదే రేసులో మన నౌకాదళ అధికారి అభిలాష్ టోమీకి అంత అదృష్టం దక్కలేదు. 2018 సెప్టెంబరు 21న హిందూ మహాసముద్రపు తుపానులో ఆయన పడవ ‘తురీయ’ కొయ్య విరిగింది, ఆయన వెన్నుకు తీవ్రమైన దెబ్బ తగిలింది. మూడు రోజుల తరవాత ఫ్రెంచి నౌక ‘ఒసిరిస్’ వచ్చి కాపాడింది. అంతటి అలల ముందు ఏ సామానైనా లొంగాల్సిందే. కానీ చాలా పడవల్లో కొయ్య కూలడానికి తుపాను అక్కర్లేదు. ప్రశాంతమైన ఆదివారం మధ్యాహ్నం, ఓ మోస్తరు గాలికి, పెన్సిలంత లావున్న పిన్ను ఒకటి జారిపోతే చాలు.

ఈ బెంగ ఎక్కువగా ఉండేది పాత చిన్న పడవల యజమానులకు. అమెరికా సరస్సుల్లో విరివిగా కనిపించే క్యాటలీనా 22 అలాంటిదే. ఫ్రాంక్ బట్లర్ రూపొందించిన ఈ 22 అడుగుల పడవ 1969లో మొదలై, 15 వేలకు పైగా తయారైంది. పాతికడుగుల కొయ్యను పడుకోబెట్టి, ట్రైలర్ మీద పెట్టి, కారు వెనక లాక్కుపోవచ్చు. నలభై, యాభై ఏళ్లనాటివి ఇప్పటికీ నీళ్ల మీద తిరుగుతున్నాయి. ఫైబర్‌గ్లాస్ ఒళ్లు అంత తొందరగా పాడవదు. చిరిగిన తెరచాప చిరిగినట్టు కనబడుతుంది. కొయ్యను నిలబెట్టే ఇనుప సామాను మాత్రం పైకి నిగనిగలాడుతూనే లోపల అరిగిపోతుంది.

కరెంటు లైను మలుపు తిరిగే చోట స్తంభం ఒరగకుండా నేలలోకి వాలుగా ఒక స్టే వైరు లాగి కడతారు. పడవలోనూ అదే సూత్రం, పేరు కూడా అదే. ముందు కొస నుంచి కొయ్య తలకు వెళ్లేది ఫోర్‌స్టే, వెనక నుంచి వెళ్లేది బ్యాక్‌స్టే, రెండు పక్కలా దిగేవి ష్రౌడ్లు. శాతవాహనుల నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. ఆ రోజుల్లో ఈ పనంతా తాళ్లదే. ఇప్పుడు ఉక్కు తీగలు చేస్తున్నాయి. కరెంటు స్తంభానికి ఉన్న సుఖం పడవ కొయ్యకు లేదు. గాలి వచ్చే వైపు తీగ బిగుసుకుంటే అవతలి తీగ వదులవుతుంది. పడవ మలుపు తిరగగానే అంతా తారుమారు. లేచిన ప్రతి అలకూ కొంచెం లాగుడు, కొంచెం సడలింపు. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తుంచేవాళ్లకు ఈ అలసట ఏమిటో తెలుసు.

ఎక్కువ పడవల్లో వాడే తీగలో పందొమ్మిది పోగులుంటాయి. నడుమ ఒకటి, దాని చుట్టూ ఆరు, ఆ పైన పన్నెండు. నాలుగు మిల్లీమీటర్ల తీగ ఒక టన్నుకు పైగా లాగుడుకు తట్టుకుంటుంది. అయితే తీగ ఒక్కటే కాదు కదా. దాని కొసకు ఒత్తి బిగించిన గొట్టం, దాని కింద తీగను లాగి పట్టే మరల టర్న్‌బకిల్, దాన్ని కలిపే క్లెవిస్ పిన్ను, పిన్ను జారకుండా స్ప్లిట్ పిన్ను, ఆ కింద పడవ ఒంట్లోకి దిగిన చైన్‌ప్లేట్ అనే ఉక్కు పట్టీ, చివరికి దాని బోల్టులు. ఎడ్లబండి ఇరుసుకు కడచీల ఎలాగో ఇక్కడ స్ప్లిట్ పిన్ను అలాగ. అది ఊడితే బండి చక్రం మాదిరే కొయ్య కూడా ఆగదు.

ఇదంతా స్టెయిన్‌లెస్ స్టీలే కదా, తుప్పెలా పడుతుందన్నది సహజంగా వచ్చే ప్రశ్న. జవాబు మన వంటింట్లోనే ఉంది. ఆవకాయను స్టీలు డబ్బాలో కాక జాడీలో పెడతాం. ఉప్పు తగిలితే స్టీలుకు చిన్న చిన్న గుంటలు పడతాయని పెద్దవాళ్లకు అనుభవం మీద తెలుసు. ఈ ఉక్కులోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనబడనంత పలుచని పొర కడుతుంది. గీత పడినా గాలి తగిలితే ఆ పొర మళ్లీ ఏర్పడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ దాన్ని తొలుస్తుంది. పడవల కోసం మాలిబ్డినం కలిపిన 316 రకం వాడేది ఈ దాడిని కొంత ఆపడానికే. అదైనా గాలి ఆడినంతసేపే. ఉప్పునీరు నిలిచి, గాలి ఆడని సందు దొరికితే పొర మళ్లీ కట్టుకోలేదు. అక్కడ లోహం లోపల్లోపలే తినుకుపోతుంది.

అందుకే అనుభవమున్న పనివాడు తళతళలాడే నడుమ భాగం మీద ఎక్కువసేపు ఆగడు. నీళ్లు నిలిచే చోట్లే వెతుకుతాడు. మొదట చూసేది తీగల కింది కొసలు. తీగ వెంట జారిన నీరు అక్కడి గొట్టం నోట్లోకి గిన్నెలోకి దిగినట్టు దిగి నిలుస్తుంది. లోపల తుప్పు ఉబ్బి గొట్టాన్ని వెంట్రుకవాసి చీలుస్తుంది. భూతద్దం పెట్టి చూస్తారు. అనుమానముంటే ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచేసి, తెల్ల పొడి చల్లుతారు. పగులు ఉంటే తెల్లటి పొడి మీద ఎర్రటి గీత తేలుతుంది.

తరవాత దూది పరీక్ష. తీగ చుట్టూ దూది పట్టుకుని మెల్లగా నిమురుకుంటూ పోతారు. ఎక్కడైనా ఒక పోగు తెగి ఉంటే దాని ముల్లు దూదిని పట్టేస్తుంది. వట్టి చేత్తో నిమిరితే వేలు చీరుకుపోతుంది. పందొమ్మిదిలో ఒక్క పోగు తెగినా ఆ తీగను నమ్మరు. మిగతా పద్దెనిమిదీ అంతే కాలం, అంతే బరువు మోశాయి.

క్లెవిస్ పిన్నును బయటికి తీసి దాని చుట్టూ గోరు నడిపిస్తారు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ గాడి పడినట్టు. టర్న్‌బకిల్‌ది వేరే జబ్బు. స్టెయిన్‌లెస్ మర, స్టెయిన్‌లెస్ గొట్టంలో ఒత్తిడి మీద తిరిగితే రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. అప్పుడిక ముందుకు కదలదు, వెనక్కి రాదు, రంపంతో కోయాల్సిందే. గొట్టాన్ని కంచుతో చేసినవి అందుకే మేలంటారు. మరలకు గొర్రెబొచ్చు నుంచి తీసే లానోలిన్ పూయడం కూడా అందుకే.

అన్నిటికంటే మొండిది చైన్‌ప్లేట్. డెక్కు మీద కనబడే నాలుగు వేళ్ల ముక్క బాగానే ఉంటుంది. డెక్కు మందంలో మునిగి ఉన్న భాగమే అసలు సమస్య. పాతబడిన సీలెంటు చీలి నీళ్లు దిగితే ఉక్కు ఒకవైపు, డెక్కులోని ప్లైవుడ్డు ఒకవైపు చీకుతాయి. కింది క్యాబిన్‌లో టీ మరకలాంటి చార ఒకటే దానికి గుర్తు. బోల్టులు విప్పి పట్టీని పూర్తిగా బయటికి లాగితే తప్ప నిజం తెలియదు. చీకిన చెక్కను తొలగించి, రంధ్రాన్ని పెద్దది చేసి, ఎపాక్సీతో నింపి, ఆరాక అందులో కొత్త రంధ్రం వేస్తారు. ఆపైన మళ్లీ నీళ్లు దిగినా చెక్కను తాకవు.

పాడైనదొక్కటే మార్చి సరిపెట్టుకుందామా అన్న ఆశ ఎవరికైనా ఉంటుంది. కానీ తీగలన్నీ ఒకే ఏడాదివి, ఒకే ఉప్పు తిన్నవి. ఎన్నాళ్లకు మార్చాలన్నదానికి పడవలవాళ్లలో 10 నుంచి 15 ఏళ్లు అన్న లెక్క వాడుకలో ఉంది. బీమా కంపెనీలు కూడా తీగల వయసు అడగడం మామూలే. వేడి, ఉప్పు ఎక్కువున్న మనలాంటి తీరాల్లో గడువు ఇంకా తగ్గుతుంది. హుస్సేన్‌సాగర్‌లాంటి మంచినీటి చెరువుల్లో ఉప్పు బాధ తక్కువ. పైగా అక్కడ పిల్లలు మొదట నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవకు తీగలే ఉండవు. కొయ్యను అడుగున దూర్చి నిలబెడతారు.

ఇంకో పొరపాటు, ఎందుకైనా మంచిదని లావు తీగ వేయడం. లావు తీగకు లావు పిన్ను కావాలి. లావు పిన్నుకు చైన్‌ప్లేట్ రంధ్రం పెద్దది చేయాలి. రంధ్రం పెరిగినకొద్దీ దాని చుట్టూ మిగిలే ఉక్కు తగ్గుతుంది. పైన బరువు పెరిగి పడవ ఎక్కువ ఒరుగుతుంది కూడా. కనుక తయారీదారు ఇచ్చిన కొలతనే పాటిస్తారు.

క్యాటలీనాలాంటి పడవలో కొయ్యను పడుకోబెట్టేసి పని చేసుకోవచ్చు. నిలబెట్టే చేయాలంటే తెరచాప ఎత్తే తాడును పక్కకు లాగి కట్టి, ఒక్కో తీగనే విప్పుతారు. పాత తీగను బిగుతుగా లాగి, పిన్ను నుంచి పిన్ను దాకా కొలుస్తారు. కొత్తది బిగించినప్పుడు టర్న్‌బకిల్ సగం తెరిచి ఉండాలి, అటూ ఇటూ సర్దడానికి. అల్యూమినియం కొయ్యకు ఉక్కు బోల్టు నేరుగా తగిలితే ఉప్పునీటిలో అల్యూమినియం తెల్ల పొడిగా రాలుతుంది. మధ్యలో ప్రత్యేకమైన పేస్టు పూస్తారు.

పెద్ద పడవలకూ మరమ్మతుల చాకిరీ తప్పదు. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా నౌకాదళ అధికారులు ‘తారిణి’లో గోవా నుంచి భూప్రదక్షిణకు బయలుదేరారు. వారిలో విశాఖపట్నానికి చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య ఉన్నారు. మహాసముద్రాలు దాటి వచ్చి, తిరుగు దారిలో చుక్కాని తిప్పే సామాను మొరాయించడంతో మారిషస్‌లో ఆగి బాగు చేయించుకున్నారు. 2018 మే 21న గోవా చేరారు.

కొత్త తీగలు బిగించాక మొదటి ప్రయాణం విహారం కాదు, పరీక్ష. పడవ కాస్త ఒరిగి నడుస్తుండగా ఒకరు చుక్కాని పట్టుకుంటే, ఇంకొకరు కొయ్య మొదట్లో కూర్చుని దాని గాడి వెంట కన్ను పెట్టి పైదాకా చూస్తారు, ఎక్కడైనా వంకర ఉందేమోనని. గాలి లేని వైపు ష్రౌడు కాస్త సడలాలి గానీ ఊగకూడదు. కొత్త తీగ మొదటి కొన్ని ప్రయాణాల్లో పోగులు సర్దుకుని కొద్దిగా సాగుతుంది. ఒడ్డుకొచ్చాక స్ప్లిట్ పిన్ను తీసి, టర్న్‌బకిల్‌ను ఇంకో అర చుట్టు తిప్పుతారు. తీసిన స్ప్లిట్ పిన్నును మళ్లీ వాడరు. కొత్తది దూర్చి, కాళ్లు కొద్దిగా విడదీసి, మొనలు తెరచాపను చింపకుండా ఒక చుట్టు టేపు వేస్తారు. టర్న్‌బకిల్‌ మొత్తానికి మాత్రం టేపు చుట్టరు, లోపల నీళ్లు నిలుస్తాయని.