పాత ఆయిల్ ఇంజను సిలిండర్ హెడ్: పనితీరు, పునర్విక్రయ విలువ

తక్కువ వేగంతో నడిచే డీజిల్ ఇంజన్లలో పేరుపొందినది ఇంగ్లండులోని డర్స్‌లీలో లిస్టర్ సంస్థ తయారుచేసిన సి.ఎస్. రకం. ఇందులో 6 హార్స్‌పవర్ ఇంజను నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది. ఇదే నమూనాలో రాజ్‌కోట్‌లో తయారైన ఇంజన్లు మన దేశంలో సేద్యపు పంపులను నడిపాయి. ఇటువంటి ఇంజను హెడ్ చెడిపోయినప్పుడు రైతు పాత సామాన్ల దుకాణంలో మరొక హెడ్ కోసం వెదకవలసి వస్తుంది. అక్కడ అడిగే ధర వేరు, ఆ హెడ్ చేయగల పని వేరు. ఈ భేదాన్ని డబ్బు చెల్లించక ముందే గుర్తించాలి.

హెడ్ రకం సరిపోవాలి

అసలు లిస్టర్ హెడ్‌లో ఇంధనం పక్కనున్న దహన గదిలో మండుతుంది. ఈ గదిలో కొంత భాగాన్ని ఒక చిన్న చక్రంతో మూసివేస్తే సంపీడనం పెరిగి ఇంజను సులభంగా మొదలవుతుంది. పూర్తి భారం పడినప్పుడు దానిని తెరవాలి. రాజ్‌కోట్ ఇంజన్లలో పలు రకాలకు ఇంధనం నేరుగా పిస్టన్ గుంటలోకే చిమ్ముతుంది. కాబట్టి రెండు హెడ్‌లు చూపుకు ఒకేలా ఉన్నా ఒకదాని పిస్టన్‌కు మరొకటి పనికిరాదు.

కొనుగోలుకు ముందు పరీక్షలు

1. పగుళ్లు: ఇవి సాధారణంగా రెండు వాల్వు సీట్ల మధ్య ఏర్పడతాయి. ఆ భాగాన్ని శుభ్రపరచి, కిరోసిన్ పూసి కొంతసేపు ఉంచాలి. తరువాత తుడిచి సుద్దపొడి చల్లాలి. పగులు ఉంటే పొడిపై తడి గీత కనిపిస్తుంది.

2. వాల్వులు: స్ప్రింగులతో బిగించిన వాల్వుల వెనుక మార్గాలలో కిరోసిన్ పోయాలి. అది సీట్ల వద్ద కారితే వాల్వులను అరగదీసి కూర్చవలసి ఉంటుంది.

3. వంపు: అడుగు తలంపై ఉక్కు స్కేలు నిలిపి, సందును ఫీలర్ గేజితో కొలవాలి. లేతుపై తలం చెక్కిస్తే పిస్టనుకు, హెడ్‌కు మధ్య ఎడం తగ్గవచ్చు. అందువల్ల బిగించిన తరువాత సీసపు తీగతో ఆ ఎడాన్ని సరిచూసి, తగిన మందం గల గ్యాస్కెట్ వాడాలి.

4. నీటి గదులు: ఉప్పు నీటితో నడిచిన హెడ్‌లలో పేరుకున్న పొర వేడిని బయటకు పోనివ్వదు. నీటి మార్గాలు మూసుకుపోయాయేమో చూడాలి.

ధర నిర్ణయం

వాల్వులు, స్ప్రింగులతో సహా పరీక్షలలో నిలిచిన హెడ్‌కు పూర్తి ధర ఇవ్వవచ్చు. వాల్వు పని, చెక్కుడు కూలి అవసరమైతే ఆ ఖర్చును ధరలోనుండి తగ్గించాలి. సీట్ల మధ్య పగిలిన హెడ్‌ను పోత ఇనుము తూకం ధరకు మించి కొనరాదు. పోత ఇనుముకు వేసిన వెల్డింగు ఆ వేడి వద్ద నిలుస్తుందన్న నమ్మకం లేదు. పాత యంత్రాలను సేకరించేవారు అసలు ముద్ర గల హెడ్‌కు అధిక ధర ఇస్తారు. అది పాతదనానికి ఇచ్చే విలువ మాత్రమే. దానివల్ల పొలానికి అదనంగా నీరు రాదు.

కొన్న హెడ్ నిలవాలంటే వేడెక్కిన ఇంజనులో ఒక్కసారిగా చన్నీరు పోయరాదు. ఆపే ముందు కొన్ని నిమిషాలు భారం లేకుండా నడపాలి.