డ్రోన్ కూలితే బీమా సొమ్ము చేతికందాలంటే...

వరి చేనులో మందు కొడుతున్న డ్రోన్ గట్టు మీది తుమ్మకొమ్మకు తగిలి బురదలో పడిందనుకోండి. అందరూ పరుగున వెళ్లి పైకి లాగుతారు, బోరు నీళ్లతో కడుగుతారు, విరిగిన రెక్కలు ఏరి గోతంలో వేస్తారు. ఎవరి ఆత్రం వాళ్లది. బీమా క్లెయిము దెబ్బతినేది అక్కడే. సర్వేయరు వచ్చేసరికి చూపించడానికి ఏమీ మిగలదు.

ఇది లక్షల సొత్తు. నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాలకు ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల సాయం ప్రకటించారు. మిగతాది సంఘం భరించాలి, చాలావరకు అప్పే. ఆ ప్యాకేజీలో ఏడాది సమగ్ర బీమా కలిసే ఉంటుంది. ఏడాది నిండాక పాలసీ కట్టుకోవలసింది సంఘమే. తేదీ గోడ మీద రాసిపెట్టుకున్నా తప్పులేదు.

ముందు మీ పాలసీ ఏ రకమో చదివించుకోండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్లకు థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్ల డ్రోనైనా 250 గ్రాములు దాటితే అంతే. డ్రోన్ పడి పక్క రైతు గేదెకు దెబ్బ తగిలితే పరిహారం వచ్చేది దీని కిందే. మన డ్రోన్ విరిగితే మాత్రం ఇందులో పైసా రాదు. దానికి సొంత నష్టం బీమా కూడా ఉండాలి.

డ్రోన్ కరెంటు తీగలకు చిక్కుకుంటే కర్రతో లాగొద్దు. లైన్‌మన్‌కు కబురుచేసి, సరఫరా ఆపించాకే దించాలి. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ కాసేపటి తర్వాతైనా అంటుకోవచ్చు. దాన్ని ఇంటికీ గడ్డివాముకూ దూరంగా ఆరుబయట పెట్టాలి.

ఆ భయం లేనప్పుడు, డ్రోన్‌ను కదపకముందే పడినచోటే నాలుగు వైపులా ఫోటోలు తీయండి. సీరియల్ నంబరు, తగిలిన చెట్టో స్తంభమో కూడా కనిపించాలి. ఎగిరిన వివరాలు రిమోట్‌లో నమోదై ఉంటాయి, వాటిని చెరపొద్దు. అదే రోజు బీమా కంపెనీకి ఫోన్ చేసి క్లెయిము నంబరు రాసుకోండి, ఆపైన రాతపూర్వకంగానూ తెలపండి. సర్వేయరు చూడకముందే మెకానిక్‌తో విప్పించడం పొరపాటు. ప్రమాదం సంగతి 48 గంటల్లో డిజిటల్ స్కై ద్వారా పౌర విమానయాన డైరెక్టర్ జనరల్‌కు తెలపాల్సిన బాధ్యత పైలట్‌ది.

క్లెయిము ఫారంతోపాటు పాలసీ, డ్రోన్ గుర్తింపు సంఖ్య, కొన్న బిల్లు, పైలట్ సర్టిఫికెట్, మరమ్మతు అంచనా జతచేయాలి. పేచీ ఎక్కువగా వచ్చేది పైలట్ దగ్గరే. శిక్షణ పొందినది అక్కయ్య, ఆ రోజు రిమోట్ పట్టుకున్నది తమ్ముడు అయితే కంపెనీ కాదనడానికి అదొక్కటి చాలు. అంతా సవ్యంగా ఉన్నా పూర్తి సొమ్ము రాకపోవచ్చు. పాలసీని బట్టి తరుగుదల, మన వాటా కింద కొంత కోసుకుంటారు.

అద్దెకు మందు కొట్టించుకునే చిన్న రైతులకూ ఇందులో పని ఉంది. గాలికి కలుపు మందు పక్క పత్తి మీద పడినా, పురుగుల మందు మల్బరీ మీద పడి పట్టుపురుగులు చచ్చినా పాలసీ వర్తిస్తుందా అని డ్రోన్ యజమానిని ముందే అడగండి. మందు కొట్టకముందు అడిగితే మొహమాటం, తర్వాత అడిగితే తగాదా.

క్లెయిము తిరస్కరిస్తే కారణం కాగితం మీద తీసుకోండి. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.