ఆటో స్టార్టర్ ముందు ఎవరు పీకాలి?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో కాలువ నీళ్లు అందని చేలకు బోరే దిక్కు. 2018కి ముందు కరెంటు విడతలుగా వచ్చేది. అర్ధరాత్రి పాములు తిరిగే గట్ల వెంట పోయి మోటరు వేసే బాధ తప్పించుకోవడానికి రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు వచ్చీ రాగానే మోటరు దానంతటదే తిరుగుతుంది.

చిక్కు అక్కడే ఉంది. మోటరు లేచే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్ల కరెంటు గుంజుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే ఓల్టేజీ పడిపోతుంది, ఫ్యూజులు పోతాయి, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. ఇక చందాలేసుకుని దాన్ని ట్రాక్టరెక్కించాలి. బాగై వచ్చేదాకా మడి ఎండాల్సిందే.

ఇది తెలియని రైతు లేడు. అయినా ఎవరూ తీయరు. ఎందుకో రైతు వైపు నుంచి లెక్క కట్టండి. పక్కాయన తీసేస్తే, నేను ఉంచుకుంటే నాకు నిద్ర దక్కుతుంది. ఆయన తీయకపోతే, నేనొక్కణ్ణి తీసినా ట్రాన్స్‌ఫార్మర్ ఎలాగూ కాలుతుంది, పైగా నీళ్లు ఆయన బోరుకు పోతాయి. ఎటు చూసినా ఉంచుకోవడమే నయం. అందరూ తెలివిగా ఆలోచించి అందరూ నష్టపోయే ఈ తీరుకు గేమ్ థియరీలో ‘ఖైదీల సందిగ్ధం’ అని పేరు. 1950లో అమెరికాలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ దీన్ని రూపొందించారు. ఖైదీల కథ అల్లింది ఆల్బర్ట్ టక్కర్.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అంతకుముందే ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ఊరూరా చెప్పింది. రాత్రి జాగారం అవసరం పోయింది గనక ఆట సగం మారినట్టే. మిగతా సగం భూమి కింద ఉంది. తన పొలం కింది నీళ్లు తోడుకునే హక్కు భూయజమానిదేనని 1882 ఈజ్‌మెంట్స్ చట్టం అంటుంది. అంటే ముందు తోడినవాడిదే నీరు! దీనికి పగ్గం వేయడానికి 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) తెచ్చారు. బావుల నమోదు, ప్రజా తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వద్దనడం అందులోవే. కానీ పక్కాయన మీద ఫిర్యాదు చేసి, రేపు ఆయన గట్టు మీదుగానే చేనుకు పోవాలి కదా. నోరు మూసుకోవడమే లాభమనిపిస్తుంది. చాలా చట్టాలు ఇక్కడే చతికిలబడతాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఉమ్మడి మహబూబ్‌నగర్‌తో సహా ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏవో) తోడ్పాటుతో నడిచిన ఏపీఎఫ్ఏఎమ్‌జీఎస్ అనే భూగర్భజల పథకం మరో దారి పట్టింది. జరిమానా లేదు, రాయితీ లేదు. రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం కొలిచారు, యాసంగికి ముందు ఉన్న నీళ్లెన్నో, వేయబోయే పంటకు కావలసినవెన్నో అందరూ కూర్చుని లెక్క కట్టారు. ఆ లెక్క విన్నాక కూడా వరే వేస్తానంటే ఎవరూ ఆపలేరు. కాకపోతే, పక్కాయన ఏం వేస్తాడోనన్న గుడ్డి భయంతో తనూ వరి వేయాల్సిన పని రైతుకు తప్పింది.