బళ్ళారి: రెండు రాష్ట్రాల నడుమ ప్రజావైద్యం

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రజారోగ్యాన్ని రాష్ట్ర జాబితాలో, అంటే రాష్ట్రాలే శాసనం చేయదగిన అంశాల పట్టికలో చేర్చినందున, 1953 అక్టోబరు 1న పాత బళ్ళారి జిల్లా చీలి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారితో సహా మిగిలిన అధికభాగం మైసూరుకు (నేటి కర్ణాటకకు) దక్కినప్పుడు, ఇరుగుపొరుగు తెలుగు పల్లెల వైద్యపాలన కూడా రెండు ప్రభుత్వాల పాలైంది.

మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్న ప్రమాణం కేంద్రానిది. జాతీయ ఆరోగ్య మిషన్ ఖర్చులో ఈ రెండు రాష్ట్రాలకు 60 శాతం ఇచ్చేదీ కేంద్రమే. ఆసుపత్రుల నిర్వహణ, వైద్యుల నియామకం మాత్రం రాష్ట్రాల బాధ్యత, అసలు బరువంతా అక్కడే ఉంది.

1961లో బళ్ళారిలో వెలసిన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి ఆంధ్ర పల్లెల రోగులూ వస్తారు గాని, ఆయుష్మాన్ భారత్-ఆరోగ్య కర్ణాటక పథకం కర్ణాటక నివాసులకే వర్తిస్తుంది.