ఆపరేషను తరువాత కడుపు మర్దన వలదు

భద్రాచలము ఆసుపత్రిలో కడుపునకు ఆపరేషను చేయించుకొని దుమ్ముగూడెము, చర్ల అటవీ గ్రామములకు మరలిన వారికి నొప్పి కలిగినచో, మర్దన చేయించుమని ఇరుగుపొరుగువారు చెప్పవచ్చును. అది తగదు. పచ్చి గాయముపై ఒత్తిడి పడిన కుట్లు విడిపోవచ్చును.

చేతులతో ఒత్తి దేహమును సరిచేయు ఆస్టియోపతిని అమెరికా వైద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్ 1874లో ప్రకటించెను. నడుమునొప్పికి అది కొంత ఉపశమనము నీయవచ్చును గాని, లోపలి అవయవముల వ్యాధులను నయము చేయునని తగిన నిదర్శనము లేదు.

వైద్యుని అనుమతితో త్వరగా లేచి మెల్లగా నడువవలెను. దానివలన కాళ్లలో రక్తము గడ్డకట్టు ప్రమాదము తగ్గును. దీర్ఘముగా శ్వాసించిన ఊపిరితిత్తులలో కఫము నిలువదు. దగ్గునప్పుడు గాయమునకు దిండు ఆనించి పట్టుకొనవలెను.

జ్వరము, చీము, కడుపుబ్బరము, ఆగని వాంతులు కనిపించినచో తడవు చేయక 108కు ఫోను చేయుడు. వానకాలములో వాగు పొంగకమునుపే రోగిని ఆసుపత్రికి చేర్చుడు.