రాతిపై నేలను చేసికొనిన రైతులు

వ్యవసాయ ప్రదర్శకులమై గ్రామములు తిరుగు మాకు “మా నేల చవుడు, మా నేల రాయి, ఇందేమి పండును?” అను మాట తరచుగా వినవచ్చుచుండును. అసలు నేలయే లేనిచోట దానిని చేతులతో చేసికొని పంట తీసిన రైతులను గూర్చి మన సంఘ సభ్యులకు తెలుపదలచితిమి.

ఐర్లండు దేశమునకు పడమట గాల్వే అఖాతపు ముఖమున ఏరన్ దీవులు మూడు గలవు. వానిలో నడిమిది ఇనిష్‌మాన్. 2022 జనాభా లెక్కలలో అచ్చటి జనము రెండువందల లోపే. ప్రాచీనమైన ఐరిష్ భాష అచ్చట నేటికిని వాడుకలో నున్నది. దీవి యంతయు పలకలుగా పరచిన సున్నపురాయి. చెట్లు అరుదు, ఏరు లేదు, వాననీరు రాతి పగుళ్లలోనికి దిగిపోవును. అట్లాంటిక్ సముద్రపు గాలికి అడ్డులేదు.

ఇట్టిచోట పూర్వులు ముందుగా పగుళ్లను చిన్నరాళ్లతో కప్పిరి. తీరమునుండి ఇసుకను, సముద్రపు నాచును గంపలకెత్తి, తమ వీపులమీదను గాడిదలమీదను మోసితెచ్చి, పొరమీద పొరగా పరచిరి. పగుళ్లలో దొరకిన పిడికెడు మన్నును అందు చేర్చిరి. నాచు చివికి ఎరువయ్యెను. ఆ మళ్లలో బంగాళాదుంపలును, రై అను ధాన్యమును పండెను. రై గడ్డితో ఇండ్లు కప్పుకొనిరి. 1934 లో రాబర్ట్ ఫ్లహర్టీ తీసిన ‘మాన్ ఆఫ్ ఏరన్’ అను చలనచిత్రమున ఈ పద్ధతిని చూడవచ్చును.

చేసిన నేలను గాలి కొనిపోకుండ గోడలు కావలసెను. ఏరిన రాళ్లనే, సున్నముగాని మట్టిగాని లేక, ఒకదానిపై నొకటి పేర్చిరి. మూడు దీవులలో కలిపి ఈ గోడల పొడవు సుమారు 1500 మైళ్లని చెప్పుదురు. సందులగుండ గాలి చీలిపోవుటచే దాని బలము తగ్గును, గోడ నిలుచును. పెక్కు మళ్లకు తలుపులు లేవు. పశువులను తోలునపుడు ఒకచోట రాళ్లు తీసి, పిదప మరల పేర్చుదురు. కొయ్య దొరకని దీవిలో ఇది మంచి యుపాయము. 2024 లో యునెస్కో సంస్థ ఐర్లండు వారి ఈ కట్టుబడి విద్యను తన వారసత్వ పట్టికలో చేర్చెను.

అయినను పట్టికలో పేరుండుటచేతనే గోడ నిలువదు. పశువులు మేయుట మానిన మళ్లలో ముండ్లపొదలు అల్లుకొనును, దారులు మూసికొనిపోవును, రాతి పగుళ్లలో పూచెడి అరుదైన మొక్కలు నీడబడి నశించును. ఇందులకై 2014 లో ‘ఏరన్ లైఫ్’ అను పథకము ఆరంభమయ్యెను. దానిలో చేరిన రైతులు పొదలు కొట్టి, పొలముదారులు బాగుచేసి, పశువులకు నీటివసతి కల్పించిరి.

తాతలు గంపలతో మోసిన నేలయైనను, మనుమలు విడిచిన పొదలపాలగును. రాయి జారిన నాడే యెత్తిపెట్టుట గడియ పని. ఉపేక్షించిన గోడయంతయు కూలును. మన పొలపు గట్టునకును, మన సంఘపు కట్టుబాటునకును ఇదియే న్యాయమని సభ్యులు గమనింతురుగాక.