గాలి చెప్పిన చాడీ

నాలుగు నెలలుగా రోడ్ల మీద చల్లిన ఉప్పు కార్ల పొట్ట కింద ఏం చేసిపోయిందో షికాగో శివారు షామ్‌బర్గ్‌లో మంచు కరిగాక ఒక్కొక్కటిగా బయటపడుతుంది. మా బావగారి కారులో అది పసుపు రంగు చెక్ ఇంజిన్ దీపమై బయటపడింది. సరిగ్గా ఆ వారమే ఇల్లినాయ్ ఎయిర్ టీమ్ నుంచి పొగ పరీక్షకు రమ్మని ఉత్తరం. షికాగో చుట్టుపక్కల కార్లకు రెండేళ్లకోసారి తప్పని పరీక్ష ఇది. పేరుకు పొగ పరీక్షే గానీ గొట్టం దగ్గర పొగ పట్టి చూసేదేమీ లేదు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ ప్లగ్గులో తీగ గుచ్చి, కారులోని కంప్యూటర్‌నే అడుగుతారు. దీపం వెలుగుతుంటే ఫెయిల్. పరీక్ష ఉచితం, ఖర్చంతా ఫెయిలయ్యాకే.

స్కానర్ పెడితే పి2096 అని వచ్చింది. దాని పూర్తి పేరును తెలుగులో చెప్పుకుంటే, కేటలిటిక్ కన్వర్టర్ దాటాక చూస్తే ఒకటో వరస సిలిండర్ల మిశ్రమం మరీ పలచగా ఉంది అని. ఒక షాపువాళ్లు ఆ పేరులో కన్వర్టర్ మాట చూడగానే కొత్త కన్వర్టర్‌కి అంచనా రాసి ఇచ్చారు. లోపల ప్లాటినం, పెల్లేడియం, రోడియం ఉంటాయి కాబట్టి ఆ అంచనా కూడా నగల దుకాణం బిల్లులాగే ఉంది. "వేయించమంటావా వద్దా, అదొక్కటీ చెప్పు బావమరిదీ" అన్నారాయన.

వద్దన్నాను. ఆ కోడ్‌లో కన్వర్టర్ ముద్దాయి కాదు, చిరునామా. ఫిర్యాదు ఎక్కణ్ణించి వచ్చిందో చెబుతోందంతే.

పలచన, చిక్కన అనే మాటలు మన మెకానిక్‌లకు కొత్త కాదు. కార్బ్యురేటర్ల కాలంలో విజయవాడ ఆటోనగర్‌లో స్పార్క్ ప్లగ్గు విప్పి వెలుతురులోకి పట్టుకుని చూసేవారు. తెల్లగా కాలి ఉంటే పెట్రోలు తక్కువై మిశ్రమం పలచబడింది. మసి పట్టి ఉంటే చిక్కబడింది. ఇటుక రంగు ఉంటే సరిగ్గా ఉన్నట్టు. స్క్రూ పావు తిప్పు తిప్పి పంపేవారు. లెక్క ప్రకారం ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. ఇంజిన్ నడవడానికి ఈ లెక్క కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌కి మాత్రం కుదరదు. కార్బన్ మోనాక్సైడ్‌నీ, కాలని పెట్రోలునీ కాల్చడానికి దానికి ఆక్సిజన్ కావాలి. నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టడానికేమో ఆక్సిజన్ మిగలకూడదు. ఈ రెండు పనులూ ఒకేసారి జరిగేది 14.7 దగ్గరి సన్నటి సందులోనే.

ఆ సందులో ఇంజిన్‌ను నిలబెట్టేది ఆక్సిజన్ సెన్సర్. బాష్ కంపెనీ 1976లో దీన్ని తయారుచేయడం మొదలుపెట్టింది, మొదట ఎక్కింది వోల్వో కార్లలో. మోటరోలా తన ప్రధాన కార్యాలయాన్ని షామ్‌బర్గ్‌కు తెచ్చిందీ అదే ఏడు. మనకు మోటరోలా అంటే ఫోన్లు గుర్తొస్తాయి గానీ, ఆ పేరు 1930లో కారు రేడియో కోసం పెట్టుకున్నది. 1981 మోడళ్ల నుంచి జనరల్ మోటార్స్ కార్లలో సెన్సర్ మాట విని పెట్రోలు సరిచేసిన కంప్యూటర్లలో ఉన్నది మోటరోలా 6800 కుటుంబపు చిప్పే. మా బావగారు పదేళ్లు ఆ మోటరోలా క్యాంపస్ పక్కనుంచే ఆఫీసుకు వెళ్లొచ్చారు.

ఈ సెన్సర్‌కు పెట్రోలు సంగతి ఏమీ తెలియదు. అందులో ఉండేది జిర్కోనియా పింగాణీ. దానికి ఒక పక్క బయటి గాలి, రెండో పక్క ఇంజిన్ పొగ. రెండు పక్కలా ఆక్సిజన్‌లో ఎంత తేడా ఉంటే అంత వోల్టేజి పుడుతుంది. పొగలో ఆక్సిజన్ మిగలకపోతే 0.9 వోల్టు దాకా, మిగిలితే 0.1 దాకా. 'ఆక్సిజన్ మిగిలింది కాబట్టి పెట్రోలు చాలలేదు' అన్నది కంప్యూటర్ చేసుకునే ఊహ. చాలాసార్లు నిజమే, ఎప్పుడూ కాదు.

ఇలాంటి సాక్షులు ఇద్దరుంటారు, కన్వర్టర్‌కు ముందొకరు, వెనకొకరు. ముందున్నది సెగలో, మసిలో బతుకుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని మాట కాస్త పక్కకు జారుతుంది. వెనకదానికి కన్వర్టర్‌లో శుభ్రపడిన పొగ అందుతుంది, అందుకని దాని మాటకు విలువ ఎక్కువ. మామూలుగా 0.6, 0.7 వోల్టు దగ్గర నిలకడగా ఉంటుంది. అది చెప్పినదాన్ని బట్టి కంప్యూటర్ ముందుదాని లెక్కను కొంచెం కొంచెం సరిదిద్దుతుంది. ఆ దిద్దుబాటు హద్దు దాటినా వెనక సెన్సర్ ఇంకా పలచన అంటూనే ఉంటే పి2096 వెలుగుతుంది.

మిశ్రమం నిజంగానే పలచబడితే, అంటే పెట్రోలు పంపు నీరసించినా, ఇన్‌టేక్ రబ్బరు గొట్టం పగిలి గాలి పీలుస్తున్నా, ముందు సెన్సర్ కూడా మొత్తుకోవాలి. బావగారి కారులో ముందువైపు ఫ్యూయల్ ట్రిమ్, అంటే పెట్రోలు దిద్దుబాటు, 3 శాతం మించలేదు. అక్కడ గొడవ లేదు. మరి వెనక ఎందుకు?

ఒక చిత్రమైన కారణం ఉంది. ఏదో ఒక ఇంజెక్టర్ కారుతూ తన సిలిండర్‌లో పెట్రోలు ఎక్కువ పోస్తే, ఆ పొగలో హైడ్రోజన్ పెరుగుతుంది. అణువుల్లోకెల్లా చిన్నది కాబట్టి అది అందరికంటే ముందు సెన్సర్ రంధ్రాల్లోకి దూరుతుంది. ముందు సెన్సర్ మోసపోయి, మొత్తం చిక్కనే అంటుంది. కంప్యూటర్ అన్ని సిలిండర్లకూ పెట్రోలు కోస్తుంది. కన్వర్టర్‌లో హైడ్రోజన్ కాలిపోయాక వెనక సెన్సర్ అసలు సంగతి చూసి పలచన అంటుంది. ఒక సిలిండర్ తిండిపోతుతనానికి పస్తుల కోడ్!

ఇక్కడ జరిగింది అది కాదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు వెనక సెన్సర్ 0.1 దగ్గర పడుకుంది. 2500 ఆర్‌పీఎమ్‌కి ఎక్కించగానే లేచి 0.7కి వచ్చింది. ఆ ఒక్క గమనికతో సగం పని అయిపోయింది. గొట్టంలో పొగ ఏటిలా ధారగా పారదు, దెబ్బ మీద దెబ్బగా వస్తుంది. ప్రతి దెబ్బ వెనకా క్షణకాలం ఒత్తిడి బయటి గాలికంటే తగ్గుతుంది. గొట్టానికి చిల్లు ఉంటే అక్కడ పొగ బయటికి పోతుందనే అనుకుంటాం గానీ, ఐడిల్‌లో ఆ చిల్లే ఊపిరి పీల్చినట్టు గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలిలో ఆక్సిజన్ ఉంటుంది. వెనక సెన్సర్ దాన్ని చూసి పెట్రోలు మీద చాడీ చెబుతుంది. కంప్యూటర్ నమ్మి పెట్రోలు పెంచుతుంది. తీరా ఇంజిన్ చిక్కగా తాగుతూ పలచన అని ఏడుస్తూ ఉంటుంది.

మర్నాడు పొద్దున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, గ్యారేజీలోంచి కారు బయటికి తీయించాను. ఎగ్జాస్ట్ లీకు అనుమానం ఉన్న బండిని మూసిన గ్యారేజీలో నడపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. స్టార్ట్ చేసి చెవి ఒగ్గితే కింద టిక్ టిక్ మని సన్నటి చప్పుడు. రెండు నిమిషాల్లో ఆగిపోయింది. వేడికి ఇనుము వ్యాకోచించి, చప్పుడు ఆగేంతగా సందు బిగుసుకుంది, పూర్తిగా మాత్రం మూసుకోలేదు. అందుకే అంతకుముందు మధ్యాహ్నం షాపుకు తీసుకెళ్లినప్పుడు ఎవరికీ వినపడలేదు. తెలిసిన మెకానిక్ ఒకరు చల్లటి బండికి వెనక గొట్టంలోంచి పొగ యంత్రంతో తెల్లటి పొగ ఎక్కించాడు. కన్వర్టర్‌కూ వెనక సెన్సర్‌కూ మధ్య ఫ్లాంజి దగ్గర దారంలా పొగ లేచింది. బోల్టులు వేలితో గీకితే పొలుసులు రాలుతున్నాయి. ఉప్పు తినేసింది. ఒక గ్యాస్కెట్, రెండు బోల్టులు మార్చితే సరిపోయింది.

మన దగ్గర రోడ్ల మీద ఉప్పు చల్లరు గానీ స్పీడ్ బ్రేకర్లు ఆ లోటు తీరుస్తాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు వచ్చాయి కదా, హైదరాబాద్ కార్ల గొట్టాల్లోనూ ఈ సెన్సర్లే ఉన్నాయి.

దీపం ఆర్పేసి నేరుగా పరీక్షకు వెళ్దామన్నారు బావగారు. కోడ్ చెరిపితే దాంతోపాటు కంప్యూటర్ స్వయంగా చేసుకున్న పరీక్షల ఫలితాలూ చెరిగిపోతాయి. అవి మళ్లీ పూర్తి కాకుండా వెళ్తే ఎయిర్ టీమ్ తిప్పి పంపుతుంది. చల్లగా స్టార్ట్ చేయాలి, ఊళ్లో ఆగుతూ నడపాలి, హైవే మీద ఒకే వేగంతో కాసేపు పోవాలి. ఆదివారం అక్కావాళ్లు అరోరా బాలాజీ గుడికి వెళ్లొచ్చారు. సాయంత్రం స్కానర్ పెట్టి చూస్తే అన్నిటికంటే ఆలస్యంగా తేలే కేటలిస్ట్ పరీక్ష కూడా పూర్తయింది. షాపువాళ్లు మార్చేద్దామన్న ఆ పాత కన్వర్టర్ పాసైంది.